సెకండ్ షిఫ్ట్ వారాల్లో గొగ్గికి జ్వరం

రాజాబాబు ఇంట్లో కథ షిఫ్టులను బట్టి నడిచేది.

ఫస్ట్ షిఫ్ట్ వారం అతను మధ్యాహ్నం రెండింటికి భిలాయి ఉక్కు ప్లాంటు గేటు దాటి, క్వార్టరుకి చేరి, అన్నం తిని ఒక కునుకు తీసి లేస్తే సాయంత్రమంతా అతనిదే. నైట్ షిఫ్ట్ వారం తొమ్మిది దాటాక గాని సైకిలు తియ్యడు కాబట్టి అప్పుడూ సాయంత్రం చేతిలో ఉంటుంది. చిక్కంతా సెకండ్ షిఫ్ట్ వారంతోనే. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి అతను వెళ్ళిపోయి ఉంటాడు, వాళ్ళు పడుకున్నాక వస్తాడు. ఆ ఆరు రోజులూ కథ చదివే పని ఇంద్రాణిది.

కథంటే ఒక పుస్తకం కాదు, తొమ్మిది. 'తొమ్మిది వాకిళ్ళ దీవి'. ఒక్కొక్కటీ అరచేతిలో పట్టేటంత. అట్టలు ఊడిపోయి, రాసినవాడి పేరు కూడా అట్టలతోనే పోయింది. బొబ్బిలి దగ్గర తన ఊళ్ళో పదేళ్ళ వయసులో రాజాబాబు వాటిని చదివి, చదివినట్టు ఎవరికీ చెప్పకుండా ఇరవై ఎనిమిదేళ్ళు మనసులో దాచుకున్నాడు. మొన్న ఏప్రిల్లో మేనకోడలి పెళ్ళికి వెళ్తే అక్క ఇంటి అటక మీద దొరికాయి. పెళ్ళిలో పెట్టిన పంచెల మధ్య చుట్టి భిలాయి తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచే చదవడం మొదలు.

ఛాయకి పదకొండు, గిరీష్‌కి ఎనిమిది. ఇద్దరికీ తెలుగు వినడం వచ్చు, ఇంట్లో మాట్లాడడం వచ్చు. చదవడం రాదు. బడిలో హిందీ, ఇంగ్లీషే. తెలుగు అక్షరాలు వాళ్ళ కళ్ళకి గుమ్మం ముందు ముగ్గుల్లా ఉండేవి: అందంగా ఉంటాయి, ఏమీ చెప్పవు. వెనక వీధిలోని నూకరాజు కూతురు కుముదినిదీ అదే సంగతి. పన్నెండేళ్ళ ఆ పిల్ల ఏడు కొట్టేసరికి తన పీట తనే తెచ్చుకుని వచ్చి కూర్చునేది. పుస్తకంలో భాష పాతది, వచ్చెను, చెప్పెను లాంటి మాటలతో నడిచేది. రాజాబాబు ఒక వాక్యం కళ్ళతో చదువుకుని, దాన్ని ఇంటి మాటల్లోకి, అవసరమైన చోట హిందీలోకి దించి చెప్పేవాడు. అలా దించడంలో, పైనుంచి కిందకి వచ్చే ఆ కాస్త దూరంలో, ఏమైనా చెయ్యొచ్చని అతనికి మొదటి వారమే తెలిసింది.

కథ ఇది. అలివేణి అనే పిల్ల, ఆమె తమ్ముడు కేసరి. వాళ్ళ అమ్మ గొంతుని ఎవరో దొంగిలించి దీవి మధ్యలో తొమ్మిదో వాకిలి వెనక దాచేశారు. దాన్ని తేవడానికి పిల్లలిద్దరూ బయల్దేరతారు. తోడుగా తాళపాలుడని ఒక ముసలి కావలివాడు వస్తాడు. అతని కుడిచేతికి వేళ్ళ బదులు అయిదు తాళంచెవులు ఉంటాయి. ఒక్కో వాకిలి తెరిచినప్పుడల్లా ఒక్కో వేలు ఆ తాళంలోనే ఉండిపోతుంది. ఇంకా గొగ్గి ఉంటాడు. నీళ్ళంటే భయపడే తాబేలు, తిండిపోతు, తన డొప్పలోకి దూరడానికి కూడా దారి మరిచిపోతాడు.

తాళపాలుడు ఛాయ సొత్తు. అమ్మ కో-ఆపరేటివ్ స్టోర్లో పనిచేసి నాలుగింటికి గాని రాదు. నాన్న షిఫ్టులు నాన్నవి. అందుకని క్వార్టరు తాళంచెవి తాడుకి కట్టి ఛాయ మెడలోనే ఉంటుంది. బడి నుంచి వచ్చి తాళం తీసి, తమ్ముడికి అన్నం పెట్టేది తనే. తాళపాలుడు మొదటి వాకిలి తెరిచిన సాయంత్రం ఆ పిల్ల తన మెడలోని తాళంచెవిని పిడికిట్లో బిగించి పట్టుకోవడం రాజాబాబు చూశాడు. "తాలా అంకుల్" అని, తాళానికి హిందీ మాట కలిపి, పేరు పెట్టుకుంది. గిరీష్ అన్నం దగ్గర మారాం చేస్తే, "తాలా అంకుల్ అయితే నిన్ను బయటే వదిలేసేవాడు" అని బెదిరించేది. అంటూనే మళ్ళీ, "లేదులే, వదలడు" అనేది.

అయిదో వాకిలి ఫస్ట్ షిఫ్ట్ వారంలో, శనివారం సాయంత్రం వచ్చింది.

రాజాబాబు ఆ పుట ముందే ఎరుగును. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, సంజె వెలుగులో గడప మీద కూర్చుని అదే పుట చదివాడు. తాళపాలుడు పిల్లలిద్దరినీ తెరిచే ఉన్న ఆ వాకిలి దాటించి, తను దాటకుండా, మాటైనా చెప్పకుండా తలుపు మూసేసి చివరి వేలితో తాళం వేసేస్తాడు. పిల్లలు అవతలి నుంచి తలుపు బాదుతూనే ఉంటారు. ఆ చప్పుడు పదేళ్ళ రాజాబాబు చెవుల్లో పడింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆరో పుస్తకంలో తాళపాలుడి కోసం వెతికాడు. ఏడో దానిలో, ఎనిమిదో దానిలో వెతికాడు. తొమ్మిదో పుస్తకం చివరి పుట దాకా వేలు పెట్టి వెతికాడు. ఆ మనిషి మళ్ళీ రాలేదు. రాసినవాడు మరిచిపోయాడో, కావాలని వదిలేశాడో. అప్పటి నుంచీ ఎవరైనా చెప్పకుండా లేచి వెళ్ళిపోతే రాజాబాబుకి ఛాతీలో ఏదో తాళం పడినట్టయ్యేది. నవ్వొచ్చే విషయమే. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, రైలు పట్టాల మిల్లులో పాతిక టన్నుల క్రేను నడిపేవాడు.

శనివారం సాయంత్రం ఆ పుట ముందు అతని గొంతు ఆగింది. ఛాయ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. అతను ఆ చేతిని చూశాడు.

"అప్పుడు తాళపాలుడు ఏటి సేసాడంటే," అన్నాడు, "తనూ వాకిలి దాటీసాడు. ముగ్గురూ కలిసి నడిచారు."

"మరి గొగ్గి?" అన్నాడు గిరీష్.

"గొగ్గి అందరికన్నా ముందే దాటీసాడు. అవతల పకోడీ వాసనొచ్చింది."

ముగ్గురూ నవ్వారు. అంత సులువుగా అయిపోయింది.

సోమవారం నుంచి సెకండ్ షిఫ్ట్. ఆరో పుస్తకం ఇంద్రాణి చేతికి వెళ్ళింది. ఆమెకి చెప్పాలని రాజాబాబు ఆదివారమంతా అనుకున్నాడు. చెప్తే, ఎందుకు అలా చేశారని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే గడప మీద కూర్చున్న ఆ పదేళ్ళ పిల్లాణ్ణి లేపి ఆమె ముందు నిలబెట్టాలి. వాడు సిగ్గరి. పుస్తకంలో మొదటి నాలుగు ప్రకరణాల్లో తాళపాలుడి ఊసు లేదని అతనికి గుర్తు. అక్కడ ఒక బస్సు టికెట్ పెట్టి, "ఇక్కడిదాకానే చదువు" అని మాత్రం చెప్పాడు.

గురువారం పొద్దున్న అతను లేచేసరికి పిల్లలు బడికి వెళ్ళిపోయారు. ఇంద్రాణి స్టోరుకి తయారై, టీ గ్లాసు అతని ముందు పెట్టి, వెళ్ళకుండా నించుంది.

"అయిదో వాకిలి దగ్గర ఏం జరిగిందండీ?"

"ఏటి జరగడం?"

"తాళపాలుడు తలుపు మూశాడా, లేదా?"

అతను టీ తాగాడు. కాలింది.

"టికెట్ పెట్టేను కదా. దాటొద్దన్నాను కదా."

"మీ పిల్లలు బస్సు టికెట్టుకి ఆగే రకమా? ఇంకో పేజీ, ఇంకో పేజీ అని ప్రాణం తీశారు. చదివాను. అలివేణి వాణ్ణి ద్రోహి అంది, 'మమ్మల్ని బయటపెట్టి తలుపు మూసిన పాపాత్ముడు' అంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఛాయ లేచి నిలబడింది. 'మమ్మీ, నీకు తెలుగు సరిగ్గా రాదు' అంది. నాకు! ఇక్కడే చరోదా రైల్వే కాలనీలో పుట్టి, పదో తరగతి దాకా తెలుగులో చదివినదాన్ని!"

"నువ్వేటన్నావు?"

"కుముదిని 'అత్తా, పుస్తకం చూపించు' అంది. చూపించాను. ముగ్గురూ తలలు ఆనించి చూశారు. ఏం తెలుస్తుంది పాపం."

రాజాబాబు గ్లాసు కింద పెట్టాడు. "పోనీ ఈ మూడ్రోజులూ ఏదోటి చెప్పి సర్దీలేవా? తాళపాలుడు వెనకాతలే వొస్తన్నాడని..."

"నేను ఏప్రిల్ నుంచీ గొగ్గిని మోస్తున్నాను. ఇంకొకణ్ణి మొయ్యడం నా వల్ల కాదు."

అతను తలెత్తాడు. ఇంద్రాణి ముఖంలో కోపానికీ నవ్వుకీ మధ్య ఏదో ఉంది, అతను పెళ్ళయిన కొత్తలో చూసింది.

"మొదటి సెకండ్ షిఫ్ట్ వారమే పుస్తకాలన్నీ తిరగేశాను," అంది. "తాబేలన్న మాట ఒక్కచోట లేదు. గిరీష్ ఏమో 'గొగ్గి ఏమన్నాడు, గొగ్గి ఏమన్నాడు' అని నా కొంగు లాగుతున్నాడు. జ్వరమొచ్చిందన్నాను. డొప్పలో పడుకున్నాడన్నాను. అప్పటినుంచి నా వారాలన్నిట్లోనూ వాడికి జ్వరమే."

"నన్నడగలేదేటి?"

"అడిగితే మీరు మానేస్తారేమోనని." గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అంది. "ఆదివారం మీకు ఆఫ్ కదా. పంచాయితీ పెడతారట. కుముదిని జడ్జి."

ఆ మూడు రోజులూ క్రేను కేబిన్లో కూర్చుని రాజాబాబు అబద్ధాలు తయారుచేశాడు. అంత ఎత్తున, గాజు గదిలో, మనిషి ఒక్కడే. కింద ఎర్రగా కాలిన పట్టాలు సాగిపోతుంటాయి. మనుషులు ముఖాలు లేని హెల్మెట్లుగా కనిపిస్తారు. వినపడేది ఏదీ ఉండదు, చేతులు మాత్రం కనిపిస్తాయి. సిగ్నల్ ఇచ్చే నూకరాజు చెయ్యెత్తితే హుక్కు ఎత్తాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. సైగ లేనిదే అంగుళం కదపకూడదన్నది ఆ ఉద్యోగంలో మొదటి పాఠం. పదిహేనేళ్ళలో అతనెప్పుడూ ఆ పాఠం తప్పలేదు. ఇంట్లో మాత్రం తన కూతురి నెత్తి మీదుగా ఇంత బరువు ఎవరూ చెప్పకుండా అటు నుంచి ఇటు తిప్పేశాడు.

అచ్చులో తప్పు పడిందని చెప్పొచ్చు. ఇద్దరు తాళపాలులు ఉన్నారని చెప్పొచ్చు, కవలలు. అది బాగానే ఉందనుకుని, కొంతసేపు ఆ రెండోవాడికి పేరు కూడా వెతికాడు. కాని ప్రతి అబద్ధం చివరా ఒక మాట మిగిలిపోతోంది: మమ్మీ తప్పు చదివింది. అది దాటి వెళ్ళే దారి అతనికి కనిపించలేదు. నిజం చెప్తే ఛాయ ఇక తన దగ్గర కథ వినదు. వినకపోవడం కూడా కాదు, వింటుంది, మర్యాదగా. ఆ మర్యాద ఎలా ఉంటుందో ఊహించుకుని, అతను మళ్ళీ ఆ కవలల దగ్గరికే వెళ్ళాడు.

టిఫిన్ వేళ నూకరాజు నవ్వుతూ వచ్చాడు. "ఏటి బావా, ఆదివారం నీ మీద కేసంట కదా? మా అమ్మి నల్లకోటు అడగతంది. నా పాత రెయిన్‌కోటు ఇచ్చీసాను."

నిజంగానే ఇచ్చేశాడు. ఆదివారం మధ్యాహ్నం, నవంబరు ఎండ ముంగిట్లో వెచ్చగా పడుతుంటే, కుముదిని మోకాళ్ళ కిందకి వేలాడే నల్ల రెయిన్‌కోటులో, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. ఛాయ నిలబడే ఉంది. గిరీష్ మంచం కోడు ఎక్కి కాళ్ళూపుతున్నాడు. ఇంద్రాణి గుమ్మంలో కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. రాజాబాబుకి మంచం మీద చోటిచ్చారు, ముద్దాయి కాబట్టి నడిమధ్య.

"ఆర్డర్ ఆర్డర్," అంది కుముదిని. "మావయ్య వారంలో తాలా అంకుల్ వాకిలి దాటాడు. అత్త వారంలో తలుపు మూసి పారిపోయాడు. ఏది సహీ, ఏది గలత్? ఎవరు ముందు మాట్లాడతారు?"

గిరీష్ చెయ్యెత్తాడు. "నాకు తెలుసు. షిఫ్ట్ మారినప్పుడు అతను కూడా మారతాడు. ఫస్ట్ షిఫ్ట్‌లో మంచోడు. సెకండ్ షిఫ్ట్‌లో గద్దార్. గొగ్గి కూడా అంతే కదా. సెకండ్ షిఫ్ట్‌లో పక్కా జ్వరం."

ఇంద్రాణి మెంతికూర మీదకి ఇంకా వంగింది.

"మరి జనరల్ షిఫ్ట్ వాళ్ళింట్లో?" అంది జడ్జి.

"వాళ్ళింట్లో ఎప్పుడూ ఒకేలా ఉంటాడు. మనోజ్ వాళ్ళ డాడీ జనరల్ షిఫ్టే. వాళ్ళింట్లో రోజూ పప్పే."

"చుప్. అది ఆధారం కాదు. ఛాయా, నువ్వు చెప్పు."

ఛాయ చాలా సేపు తయారై వచ్చినట్టుంది. ఒక చేతి వేళ్ళు ఇంకో చేత్తో ముడుస్తూ మొదలుపెట్టింది. "ఒకటి. తాలా అంకుల్ నాలుగు వాకిళ్ళు తెరిచాడు. నాలుగు వేళ్ళు పోయాయి. అంత చేసినవాడు అయిదో దాని దగ్గర ఎందుకు మోసం చేస్తాడు? రెండు. ఎడారిలో కేసరికి దాహమేస్తే తన నీళ్ళు ఇచ్చేశాడు. మూడు. డాడీ చదివాడు, దాటాడని. డాడీ ఈ పుస్తకం చిన్నప్పుడే చదివాడు. డాడీకి అంతా యాద్ ఉంది." ఆగింది. "మమ్మీ తప్పు చదివింది. మమ్మీ మీద నాకు కోపం లేదు. సెకండ్ షిఫ్ట్‌లో మమ్మీకి పని ఎక్కువ, అలిసిపోతుంది."

ఇంద్రాణి చేతులు ఆగాయి. ఆమె రాజాబాబు వైపు చూడలేదు. చూసి ఉంటే అతనికి సులువయ్యేది. మెంతి కాడ ఒకటి తుంచి, ఆకు పళ్ళెంలో వేసి, మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

ఛాయ మాత్రం సూటిగా అతన్నే చూస్తోంది. ఆ చూపులో సందేహం లేదు. 'ఇప్పుడు నువ్వు అవునంటావు, అంతే కదా' అన్నట్టుంది. అలాంటి చూపు ముందు మనిషి ఎంతో ఎత్తుగా ఉంటాడు, కేబిన్లో ఉన్నట్టే. కిందకి దిగే మెట్లు కూడా అలాగే సన్నగా, నిటారుగా ఉంటాయి.

"తప్పు చదివింది మమ్మీ కాదమ్మా," అన్నాడు. "నానే."

గిరీష్ కాళ్ళు ఊపడం మానేశాడు.

"తప్పు చదవడం కూడా కాదు. తెలిసే మార్చీసాను. తలుపు మూసీసాడనే ఉంది పుస్తకంలో."

"ఝూఠ్," అంది ఛాయ చిన్న గొంతుతో. ఏది అబద్ధమంటోందో ఆ పిల్లకే తెలియనట్టుంది.

జడ్జి కూడా కాసేపు జడ్జి సంగతి మరిచి కుముదిని అయిపోయింది. తర్వాత సర్దుకుని, "చదువు మావయ్యా," అంది. "ఉన్నది ఉన్నట్టు. అత్తా, నువ్వు పక్కన నిలబడి చూడు."

ఇంద్రాణి కొంగుకి చేతులు తుడుచుకుని వచ్చి అతని భుజం వెనక నిలబడింది. అయిదో పుస్తకం తెరుచుకుంది. రాజాబాబు ఈసారి ఏదీ దించలేదు. పాత భాషలోనే, ముక్కముక్కగా పైకి చదివాడు.

"'తాళపాలుడు పిల్లలను వాకిలి దాటించెను. తాను దాటలేదు. మాట పలుకలేదు. తలుపు మూసి, మిగిలిన ఒక్క వేలిని తాళమునందు త్రిప్పెను. ఆవలివైపు పిల్లలు తలుపు బాదుచుండిరి. ఈవలివైపు పొగ మోకాళ్ళ దాకా వచ్చెను.'"

తర్వాత అర్థం చెప్పాడు. చెప్పడం అయ్యాక పుస్తకం మూయబోయాడు.

"ఏ పొగ?" అన్నాడు గిరీష్.

"ఆఁ?"

"పొగ అన్నావు కదా. ఏం పొగ?"

రాజాబాబు మళ్ళీ చూశాడు. పొగ ఉంది. మోకాళ్ళ దాకా. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ పుట అతని లోపల ఉంది, ఇందులో పొగ ఉన్నట్టు అతనికి తెలీదు. తలుపు బాదుతున్న చప్పుడు దగ్గరే పదేళ్ళవాడు ఆగిపోయాడు, తర్వాతి వాక్యం కళ్ళ ముందున్నా చదవలేదు.

"నాలుగో వాకిలి దగ్గర నిప్పుల పాము లేచింది కదా!" కుముదిని బకెట్ మీంచి లేచింది. "అదే వెనకాల వస్తోంది! దాని పొగ!"

"అయితే తలుపు మూయకపోతే?" అన్నాడు గిరీష్.

"పాము పిల్లల వైపుకి వచ్చేస్తుంది. గ్యాస్ లీకైతే మొట్టమొదట వాల్వు మూసెయ్యాలని మా డాడీ చెప్పారు. ముందు వాల్వు, తర్వాతే మిగతాదంతా."

"హీరో!" అని గిరీష్ మంచం మీదకి దూకాడు. "తాలా అంకుల్ హీరో!"

"ఏం హీరో?" అంది కుముదిని. "నోరు లేదా? 'పాము వస్తోంది, పారిపోండి' అంటే ఏం పోయింది? అర నిమిషం పట్టదు."

"టైం లేదు!"

"వేలు తిప్పడానికి టైం ఉంది, మాట్లాడడానికి లేదా?"

"చెప్తే వాళ్ళు వెళ్ళరు. కేసరి అతని కాలు పట్టుకుని ఏడుస్తాడు. వాడెప్పుడూ ఏడుస్తాడు."

"నీలాగే."

"నేనేం ఏడవను!"

అరుపులు వీధి దాకా వినపడుతున్నాయి. సైకిలు మీద పోతున్న ఎవరో ఆగి చూసి వెళ్ళారు. ఇంద్రాణి కూడా నెమ్మదిగా మంచం చివర కూర్చుని, "చెప్పి ఉంటే అలివేణి రెండు పుస్తకాలు తిట్టుకుంటూ తిరిగేది కాదు కదా" అని కుముదిని పక్షం చేరింది. రాజాబాబు వింటున్నాడు. ఆ పదేళ్ళ పిల్లాడు ఒంటరిగా, గడప మీద, ఎవరితోనూ అనలేక మింగేసిన మాటలన్నీ ఇక్కడ ముగ్గురు పిల్లలూ ఒక పెద్ద మనిషీ గొంతులు చించుకుని అనేస్తున్నారు. ఇది ఇలా కూడా ఉండొచ్చని అతనెప్పుడూ అనుకోలేదు.

ఛాయ మాత్రం మెడలో తాళంచెవి ముందుకీ వెనక్కీ జరుపుతోంది. చివరికి, "పొగ సంగతి బయటున్న వాళ్ళకి తెలీదు కదా?" అంది.

"తెలీదు," అన్నాడు రాజాబాబు.

"అందుకే కొడుతూ ఉంటారు."

"అందుకే."

"అయితే మూయడం మంచిదే," అంది ఛాయ. "చెప్పకుండా మూయడం తప్పు." కాస్త ఆగి, "నువ్వు కూడా," అంది.

"నాను కూడా," అన్నాడతను.

ఆ పిల్ల అతన్ని చూసింది. ఇందాకటి చూపు కాదది. అది పోయింది, ఇక రాదు. దీనిలో కొలత ఉంది, లెక్క ఉంది, సమానంగా నించున్నవాళ్ళు చూసుకునే చూపులా ఉంది. తను భయపడ్డ మర్యాద అందులో లేదు. కోపం ఉంది, నిండుగా, ఆరోగ్యంగా.

"మళ్ళీ వస్తాడా?" అని అడిగింది.

ఇక్కడ కూడా ఒక అబద్ధం చెయ్యి చాపినంత దూరంలోనే ఉంది.

"రాడమ్మా. తొమ్మిదో పుస్తకం చివరిదాకా వెతికేను, చిన్నప్పుడు."

"ఒక్కడివేనా వెతికావు?" అన్నాడు గిరీష్.

"ఒక్కణ్ణే."

"ఒక్కడివే అయితే ఎలా కనిపిస్తాడు? పొగే కనిపించలేదు నీకు."

ముందు ఇంద్రాణి నవ్వింది. తర్వాత కుముదిని. ఛాయ నవ్వకూడదని పెదవి కొరుక్కుని, చివరికి ముఖం తిప్పుకుని నవ్వేసింది. రాజాబాబు అందరికన్నా ఎక్కువ నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

అంతటితో వదిలేసి ఉంటే బాగుండేది. కాని జడ్జికి ఇంకా రెయిన్‌కోటు ఒంటి మీదే ఉంది. "ఆఖరి సవాల్, ఒకటే ప్రశ్న. మావయ్యా, ఇంకా ఏమేం మార్చావు?"

రాజాబాబు గిరీష్ వైపు చూశాడు. గిరీష్ మంచం మీద తాబేలు నడక నడుస్తున్నాడు, అప్పుడప్పుడూ అలా నడుస్తాడు.

"చెప్పేయండి," అంది ఇంద్రాణి. "నాకూ బరువు తగ్గుతుంది."

"గిరీష్, ఇలా రా." వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. "మొదటి పుస్తకంలో ఎముకల బావి వొచ్చినపుడు నువ్వు జడిసిపోనావు, గురుతుందా? అప్పుడు... గొగ్గి పుస్తకంలో లేడ్రా. నాను పెట్టేను."

గిరీష్ తలెత్తి తండ్రిని చూశాడు. "గొగ్గి లేడా?"

"పుస్తకంలో లేడు."

"ఏ పుస్తకంలోనూ?"

"తొమ్మిదింట్లోనూ లేడు. మమ్మీ కూడా వెతికింది."

వాడు తల్లి వైపు చూశాడు. ఆమె తలూపింది. వాడి కళ్ళలో నీళ్ళు అంచు దాకా వచ్చి ఆగాయి. ఏదో ఆలోచిస్తున్నాడు. ఎనిమిదేళ్ళ నుదుటి మీద రెండు గీతలు పడ్డాయి.

"అంటే మనోజ్ వాళ్ళు ఈ పుస్తకాలు కొనుక్కున్నా వాళ్ళకి గొగ్గి దొరకడా?"

"దొరకడు."

"బజార్లో ఎవరికీ దొరకడా? పవర్ హౌస్ మార్కెట్‌లో కూడా?"

"ఎక్కడా దొరకడు."

గిరీష్ ముఖం నెమ్మదిగా, ఒక పక్క నుంచి మొదలై మొత్తం వెలిగింది. "మన దగ్గరే ఉన్నాడు!" అని అరిచాడు. ఒళ్ళోంచి దూకి ముంగిలి చుట్టూ పరుగెత్తాడు. "దీదీ, గొగ్గి మన ఒక్కళ్ళ దగ్గరే ఉన్నాడు!"

"నా దగ్గర కూడా," అంది కుముదిని వెంటనే. "నేను ఏప్రిల్ నుంచి వస్తున్నాను."

తీర్పు ఛాయ చెప్పింది. జడ్జి ఒప్పుకుంది. ఇకమీదట చదివేవాళ్ళ వేలు ఎప్పుడూ పుస్తకంలో లైను మీద ఉండాలి. పుస్తకంలో లేనిది చెప్పాలంటే చెప్పొచ్చు, కాని ముందు వేలు పైకెత్తాలి, అందరికీ కనపడేలా. మమ్మీకి కూడా ఇదే నియమం. ఉన్నదాన్ని వదిలేస్తే మాత్రం వారం రోజులు గిన్నెలు తోమాలి.

"ఎవరి షిఫ్టయినా?" అని అడిగింది ఇంద్రాణి.

"ఎవరి షిఫ్టయినా."

"అయితే గొగ్గికి జ్వరం తగ్గిపోయింది," అంది ఇంద్రాణి. "ఇన్నాళ్ళూ పడుకుని వాడు బాగా ముదిరాడు. నా వారం రానివ్వండి, చూపిస్తాను."

సోమవారం నుంచి నైట్ షిఫ్ట్. సాయంత్రం ఏడింటికి ఆరో పుస్తకం బస్సు టికెట్ పెట్టిన చోటి నుంచి మళ్ళీ మొదలైంది. రాజాబాబు చూపుడువేలు మొదటి లైను కింద పెట్టాడు. పిల్లలెప్పుడూ అతని ముఖం చూస్తూ వినేవాళ్ళు. ఇప్పుడు మూడు తలలు పుస్తకం మీదకి వంగాయి, అతని వేలిని చూస్తున్నాయి. ఛాయ అందరికన్నా దగ్గరగా వంగింది. వేలు జరుగుతుంటే ఆ పిల్ల కళ్ళు ఒక్కో ముగ్గు దాటుతూ వస్తున్నాయి.

అతను చదివాడు. అవతలివైపు నేల ఉప్పుతో తెల్లగా ఉంది. అలివేణి ఒక ఉప్పు దిబ్బకి వీపు ఆనించి కూర్చుని తాళపాలుణ్ణి తిట్టింది. ద్రోహి అంది, పాపాత్ముడంది. ఒక్క తిట్టు దగ్గర రాజాబాబు గొంతు దాన్ని దాటేద్దామని చూసింది. వేలు మాత్రం కదల్లేదు. ఛాయ తన చెయ్యి తీసుకొచ్చి అతని చేతి మీద పెట్టింది. నొక్కలేదు, ఊరికే పెట్టింది. అతను ఆ తిట్టు కూడా చదివాడు.

"పొగ సంగతి ఆమెకి తెలీదు పాపం," అంది ఛాయ.

"చెప్పాలి ఎవరైనా," అంది కుముదిని.

లైను అయిపోయింది. ఛాయ తన చెయ్యి తీసేసింది. రాజాబాబు వేలు పుట మీంచి ఒక అంగుళం పైకి లేచింది.

గిరీష్ కెవ్వుమని నవ్వేశాడు. కుముదిని పీట కిర్రుమంది. వంటింట్లోంచి ఇంద్రాణి గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఛాయ మోకాళ్ళు రెండూ దగ్గరికి లాక్కుని, గడ్డం వాటి మీద ఆనించి, గాలిలో నిలబడ్డ ఆ వేలి వంక చూస్తోంది. గొగ్గి ఏమనబోతున్నాడో రాజాబాబుకి కూడా ఇంకా తెలీదు.